పెద్ద దస్త్రమును చదువు విధము

అహోబిలములో నవనారసింహులను ఒక్కచోట దర్శింపలేము. ఒక్కొక్క సన్నిధికి నడువవలెను. కంప్యూటరు పెద్ద దస్త్రమును చదువుటయు నిట్టిదే. అంతయు నొక్కమారు నింపబోయినచో మెమరీయందు చోటు చాలదు. కావున ఒక భాగమును తెచ్చి, పని ముగించి, ఆ చోటనే తరువాతి భాగమును నింపుదురు. భాగపు కొసన పంక్తి తెగినచో ఆ తునకను దాచి తరువాతి దానికి అతుకవలెను. లేనిచో ఓటర్ల పట్టికలో ఒకరు ఇద్దరగుదురు!

కొన్ని యంత్రములకు చోటు పుట్టుకతోనే ఇరుకు. 1969 నాటి టి.డి.సి.-12, హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. వారిది, సున్నయో ఒకటియో అగు బిట్లను పన్నెండేసి చొప్పున లెక్కించెడిది. 12 బిట్లతో తెలుపదగిన చిరునామాలు 4,096 మాత్రమే. ఎనిమిది బిట్ల బైటుకు అలవడిన ప్రోగ్రామర్లకు అది అణాకు పన్నెండు దమ్మిడీల లెక్కవలె నవ్వు పుట్టించును. అయినను ఇరుకుచోట పెద్దపని సాధించు నేర్పు అట్టి యంత్రములకు తప్పనిసరి. నేడు మెమరీ ఎంత పెరిగినను దస్త్రములును పెరుగుచునే యున్నవి. ఆ నేర్పు నేటికిని అవసరమే.