పసుపు పొడి ప్రయాణం

చూడ్డానికి అచ్చం మన వంటింట్లో పసుపులా ఉంటుంది. పేరు ఎల్లోకేక్. ఎడారి గనిలో పుట్టి, సముద్రం దాటి, గ్యాసుగా మారి, ఇంధనమై కరెంటునిచ్చి, చివరికి గాజు దిమ్మెలో కాస్త బూడిదలా మిగులుతుంది. ఈ దారి పొడవునా దుకాణం తెరిచిన ఫ్రెంచి కంపెనీ ఒరానో. దాదాపు అన్ని మజిలీలూ దాని చేతిలోనే ఉండేవి. ఇప్పుడు మొట్టమొదటి మజిలీలోనే చిక్కొచ్చిపడింది!

ఒరానో... ఈ పేరు మనకు కొత్తే కానీ, దాని సరుకు హైదరాబాద్‌కు కొత్త కాదు. అణు వ్యాపారంలో మనదేశంపై ఏళ్ల తరబడి ఉన్న ఆంక్షలు 2008 సెప్టెంబరులో సడలాయి. అదే ఏడాది డిసెంబరులో 300 టన్నుల యురేనియం కోసం అరేవా అనే ఫ్రెంచి కంపెనీతో మన అణుశక్తి శాఖ ఒప్పందం చేసుకుంది. 2009లో ఆ సరుకు ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు చేరింది. ఇంధనం చాలక అరకొరగా నడుస్తున్న మన రియాక్టర్లకు అది పెద్ద ఊరట. ఆ అరేవా వారసురాలే ఇవాళ్టి ఒరానో.

పేర్లు మారాయి కానీ...

ఈ కంపెనీ మూలాలు 1976లో ఉన్నాయి. ఫ్రాన్సు అణుశక్తి కమిషన్ తన ఇంధన వ్యాపారాన్ని విడదీసి ‘కోజెమా’ పేరుతో కంపెనీ పెట్టింది. 2001లో అది రియాక్టర్లు కట్టే ఫ్రామటోమ్‌తో కలిసి అరేవా అయింది. గని నుంచి రియాక్టర్ దాకా అన్నీ ఒక్కచోటే దొరుకుతాయన్నది ఆలోచన. కానీ లెక్క తప్పింది. 2009కల్లా పూర్తి కావాల్సిన ఫిన్లాండ్ రియాక్టర్ 2023లోగానీ పూర్తిస్థాయిలో పనిచేయలేదు. 2007లో భారీ ధర పెట్టి కొన్న ఆఫ్రికా గనుల కంపెనీ చేతికి చిల్లిగవ్వ రాల్చలేదు. నష్టాల ఊబిలోంచి లాగడానికి ఫ్రెంచి ప్రభుత్వం వందల కోట్ల యూరోలు కుమ్మరించాల్సి వచ్చింది. రియాక్టర్ల పని మళ్లీ ఫ్రామటోమ్‌కి వెళ్లిపోయింది. మిగిలిన ఇంధన వ్యాపారానికి 2018లో ‘ఒరానో’ అని పేరు పెట్టారు. గ్రీకుల ఆకాశ దేవుడు ఔరనోస్ పేరు నుంచి వచ్చిందది. యురేనియం పేరుకూ మూలం ఆయనే.

వెయ్యిలో ఏడు!

ఇంతకీ ఈ కంపెనీ చేసే పనేంటి? గనిలో తవ్విన రాయిని పొడిచేసి, రసాయనాలతో కడిగి, ఎండబెడితే వచ్చేదే ఎల్లోకేక్. నైజర్, కెనడా, కజక్‌స్థాన్ గనుల్లో దీన్ని తీసేది. దక్షిణ ఫ్రాన్సులోని మాల్వేసీ, త్రికాస్తాన్ ఫ్యాక్టరీల్లో దీన్ని ఫ్లోరిన్‌తో కలిపి గ్యాసుగా మారుస్తారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ప్రకృతిలో దొరికే యురేనియంలో ప్రతి వెయ్యి అణువుల్లో ఏడు మాత్రమే రియాక్టర్లో పనికొచ్చే 235 రకం. మిగతావన్నీ 238 రకం. ఫ్రాన్సు రియాక్టర్లకు ఆ ఏడుని ముప్ఫై నుంచి యాభైకి పెంచాలి. రెండూ రసాయనికంగా ఒకటే. తేడా బరువులోనే... అదీ పిసరంత! అందుకే పాలలోంచి మీగడ తీసే యంత్రంలాంటి సెంట్రిఫ్యూజుల్లో వేసి గిరగిరా తిప్పుతారు. బరువైనవి అంచుకి చేరితే తేలికైనవి మధ్యలో మిగులుతాయి. ఇలా ఒకదాని తర్వాత మరొక యంత్రంలో తిప్పుతూనే ఉండాలి.

త్రికాస్తాన్‌లో 1979 నుంచి 2012 వరకూ నడిచిన పాత ఫ్యాక్టరీ పద్ధతి వేరు. గ్యాసుని సన్నటి పొరల గుండా తోసేవారు. దానికి ఎంత కరెంటు కావాలంటే, పక్కనే ఉన్న నాలుగు రియాక్టర్లలో మూడు దానికోసమే పనిచేసేవి! కొత్త ఫ్యాక్టరీకి అందులో యాభయ్యో వంతు చాలంటుంది ఒరానో.

బూడిదలో బంగారం

రియాక్టర్లో మూడునాలుగేళ్లు పనిచేశాక ఇంధనం అలసిపోతుంది. చాలా దేశాలు దాన్ని చెత్త కింద లెక్కేసి దాచిపెడతాయి. ఫ్రాన్సు మాత్రం నార్మండీ తీరంలోని లా ఆగ్ ఫ్యాక్టరీకి పంపుతుంది. అక్కడ లోతైన నీటి కొలనుల్లో ఏళ్లపాటు చల్లార్చి, ముక్కలుగా కోసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. వందలో 95 పాళ్లు యురేనియం, ఒక పాలు ప్లుటోనియం బయటికొస్తాయి. ఆ ప్లుటోనియంతో మెలాక్స్ అనే మరో ఫ్యాక్టరీలో కొత్త ఇంధనం చేస్తారు. ఫ్రాన్సు అణు విద్యుత్తులో సుమారు పదో వంతు ఇలా వచ్చిందే.

మరి మిగిలిన నాలుగు పాళ్లు? అదే అసలైన విషం. కరిగిన గాజుతో కలిపి స్టీలు డబ్బాల్లో పోసి మూతేస్తారు. వాటిని ఈశాన్య ఫ్రాన్సులోని బ్యూర్ ప్రాంతంలో 500 మీటర్ల లోతున శాశ్వతంగా పాతిపెట్టాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. వద్దంటూ అక్కడివాళ్లు కొందరు ఏళ్లుగా పోరాడుతున్నారు. ఇతర దేశాల చెత్తను ఫ్రాన్సులో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి జర్మనీ పంపిన ఇంధనం తాలూకు గాజు డబ్బాలు తిరిగి జర్మనీకే వెళ్లాయి. ఆఖరి విడత 2024 నవంబరులో చేరింది.

బొగ్గు కరెంటుతో యురేనియం

ఇప్పుడు మళ్లీ మొదటి మజిలీకి వద్దాం. నైజర్ ఉత్తరాన సహారా ఎడారిలో అర్లిట్ అనే ఊరుంది. యురేనియం కోసమే పుట్టిన ఊరది. 1971లో అక్కడ తవ్వకం మొదలైంది. పక్కనే అకూటా అనే భూగర్భ గని 1978 నుంచి 2021 వరకూ నడిచింది. మూతపడ్డప్పుడు ఆరొందల మంది దాకా ఉద్యోగులకూ, అంతకంటే ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులకూ పని పోయింది. రెండు కోట్ల టన్నుల వ్యర్థం మాత్రం గుట్టలా మిగిలింది. అర్లిట్ వీధుల్లో రేడియోధార్మికత ఉందని 2010లో గ్రీన్‌పీస్ నివేదిక ఇచ్చింది. ఆసుపత్రులు కట్టామనీ, గాలినీ నీటినీ ఎప్పటికప్పుడు పరీక్షిస్తున్నామనీ కంపెనీ చెబుతూ వచ్చింది.

విచిత్రం ఏంటంటే, ఆ గనులు నడిచింది బొగ్గు కరెంటుతో! గనుల అవసరం కోసమే ఆ ప్రాంతంలో బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టారు. ఫ్రాన్సులో దాదాపు మూడింట రెండొంతుల కరెంటు అణు రియాక్టర్లదే. వాటికి యాభయ్యేళ్లపాటు ఇంధనం పంపిన నైజర్‌లో ఎక్కువమంది ఇళ్లకు ఇప్పటికీ కరెంటు లేదు.

ఆ కడుపుమంట రాజకీయమైంది. 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 2024 జూన్‌లో ఇమూరారెన్ అనే భారీ నిక్షేపం లైసెన్సు రద్దు చేసింది. డిసెంబరుకల్లా అర్లిట్ గని తమ అదుపులో లేదని ఒరానోయే ప్రకటించింది. 63.4 శాతం వాటా దానిదే అయినా 2025 జూన్‌లో గనిని జాతీయం చేసేశారు. మా సొత్తు అంటూ కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరికెళ్లింది. మా నేల అంటోంది నైజర్. మిగతా దేశాల్లోని గనులుండబట్టి ఒరానోకి వెంటనే ఇబ్బంది రాలేదు. మంగోలియాలో కొత్త గనికి 2025 జనవరిలో ఒప్పందం కూడా చేసుకుంది. కానీ అర్లిట్ వాసుల సంగతి? ఎవరి జెండా ఎగిరినా ఆ గుట్టలు అక్కడే ఉంటాయి.

మన గుమ్మంలోనూ...

ఇదెక్కడో ఎడారి గొడవ అనుకుంటున్నారేమో! కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ యురేనియం గని ఉంది. అక్కడ తవ్వేది మన ప్రభుత్వ సంస్థే. అయినా వ్యర్థాల చెరువు దగ్గరి ఊళ్లవాళ్లు బోర్లలో నీళ్లు పాడయ్యాయనీ, పంటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వినిపించగానే 2019లో జనం రోడ్డెక్కారు. తవ్వకాలు వద్దంటూ ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

అణు విద్యుత్తు బొగ్గులా పొగ వదలదు. కర్బనం తగ్గించాలంటే అది కావాలనే దేశాలు పెరుగుతున్నాయి. ఒరానో కూడా త్రికాస్తాన్ ఫ్యాక్టరీని విస్తరిస్తోంది. కాబట్టి పసుపు పొడి ప్రయాణం ఇప్పట్లో ఆగేది కాదు. మనకు కనిపించేది గోడ మీద స్విచ్చి ఒక్కటే. దానికి ఒక కొసన గని దగ్గర ఓ ఊరుంటుంది, రెండో కొసన చెత్త పాతే చోట మరో ఊరుంటుంది. కరెంటు బిల్లులో వాళ్ల వాటా ఎంతో రాయడం ఇంతవరకూ ఏ కంపెనీకీ, ఏ ప్రభుత్వానికీ చేతకాలేదు.