గాజు బరువు మోయలేని చెయ్యి

మా పిన్ని స్నానాలగదిలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, ఆరు వారాలకి తీశారు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం.

కట్టు విప్పిన కొన్నాళ్లకి చూడ్డానికి వెళ్లాను. మే నెల ఉక్కలో ఫ్యాను ఆపేసి కూర్చుని ఉంది. అలవాటుగా స్విచ్ వేశాను. "ఆపవే తల్లీ, గాలి తగిలితే చెయ్యి కాలిపోతోంది" అంది. చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టుకుంది. వేళ్లు ఉబ్బి, చర్మం నున్నగా మెరుస్తోంది. రంగు ఎర్రగానూ కాదు, నీలంగానూ కాదు, రెండూ కలిసిన మచ్చలు. నేను వచ్చిన గంటలోనే ఆ రంగూ వాపూ తగ్గి, చెయ్యి మామూలుగా కనిపించింది. మంట మాత్రం తగ్గలేదు.

అన్నిటికంటే ఆమెను బాధపెట్టింది గాజులు. ఒక్క మట్టిగాజు వేసినా, అది మణికట్టు మీద జారినప్పుడల్లా నిప్పుకణిక దొర్లినట్టు ఉంటుందట. తీసేసింది. పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్లు చెయ్యి చూసి "ముత్తయిదువవి, ఆ బోసి చెయ్యేమిటమ్మా" అన్నారు. ఎముక అతికాక నొప్పేమిటని బాబాయి విసుక్కున్నాడు. ఎక్స్‌రే చూసిన డాక్టరు కూడా ఇంచుమించు అదే అన్నాడు: "అంతా బాగానే ఉందమ్మా, మీరే మనసులో పెట్టుకుంటున్నారు." ఏడు నెలలు ఇలాగే గడిచాయి.

ఆ జబ్బుకి పేరుంది. కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, పొట్టిగా సీఆర్‌పీఎస్. చేతికో కాలికో దెబ్బ తగిలాక, గాయం మానాక కూడా, దెబ్బకి ఏమాత్రం పొంతన లేనంత నొప్పి ఆ అవయవంలో నిలిచిపోవడం దాని స్వభావం. విరిగిన ఎముక తర్వాత రావచ్చు, బెణుకు తర్వాత రావచ్చు, ఆపరేషన్ తర్వాతా రావచ్చు. నరానికి దెబ్బ తగిలినట్టు తేలితే రెండో రకమని, తేలకపోతే మొదటి రకమని అంటారు. అనుభవించేవాళ్లకి ఆ తేడాతో పనిలేదు.

ఇది ఎక్కువగా ఆడవాళ్ల జబ్బు. నెదర్లాండ్స్‌లో 2007లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఏడాదికి లక్షమందిలో దాదాపు 26 మందికి కొత్తగా వస్తోంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకి 3.4 రెట్లు ఎక్కువ. నడివయసు దాటాక, ముఖ్యంగా మణికట్టు విరిగాక వచ్చేవి ఎక్కువ. ముట్లు ఆగిపోయాక ఎముక బలం తగ్గడం, తూలినప్పుడు చెయ్యి ఆనించడం, మణికట్టు విరగడం మనం రోజూ చూసేవే. పిల్లల్లో లెక్క వేరు. పదకొండు, పన్నెండు, పదమూడేళ్ల వయసులో వస్తుంది. చేతికంటే కాలికి ఎక్కువ. వచ్చిన పిల్లల్లో ఆడపిల్లలే చాలా ఎక్కువ. ఆటలో మడమ బెణికిన పిల్ల మూడు వారాల తర్వాత సాక్సు తొడుక్కోలేకపోతుంది, దుప్పటి అంచు పాదానికి తగిలితే అరుస్తుంది. పరీక్షల ముందు అయితే ఇంక చెప్పేదేముంది? బడి ఎగ్గొట్టడానికి నటిస్తోందంటారు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ మాట నోట రాదు. దెబ్బ తగలగానే నరాల చివరలు కొన్ని రసాయనాలు వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు ఊరుతుంది, ఆ చోటు ఎర్రబడి వేడెక్కి వాస్తుంది. ఎవరికైనా జరిగేదే, కొన్నాళ్లకి సర్దుకుంటుంది. సీఆర్‌పీఎస్‌లో సర్దుకోదు. నొప్పి కబురు అదేపనిగా వస్తుంటే వెన్నుపాములోని కణాలు రాటుదేలవు, సున్నితమవుతాయి. దీన్ని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో చూపించాడు. ఆ తర్వాత మెత్తటి స్పర్శను మోసుకొచ్చే నరాల కబురు కూడా నొప్పిగానే చేరుతుంది. దొంగ వెళ్లిపోయినా కుక్క ఇంటివాళ్లను చూసి మొరుగుతూనే ఉన్నట్టు. చెమటను, రక్తనాళాలను నడిపే నరాలూ గాడి తప్పుతాయి. అందుకే ఒక చెయ్యి వేడిగా, ఇంకో చెయ్యి చల్లగా ఉంటాయి, ఒకే అరచేతికి చెమట పడుతుంది, గోళ్లూ వెంట్రుకలూ తీరు మార్చుకుంటాయి.

ఆఖరికి మెదడులోనూ మార్పు వస్తుంది. ఒంట్లో ప్రతి భాగానికీ మెదడులో కొంత చోటు ఉంటుంది. నొప్పి ఉన్న చేతికి కేటాయించిన చోటు కుంచించుకుపోతుందని కొన్ని స్కానుల్లో కనిపించింది. చికిత్సతో నొప్పి తగ్గినవాళ్లలో అది మళ్లీ విస్తరించింది కూడా. "ఇది నా చెయ్యిలా లేదే, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది" అని మా పిన్ని అన్నప్పుడు మాకు భయమేసింది. ఇప్పుడు తెలుస్తోంది, ఈ జబ్బున్నవాళ్లు చాలామంది ఆ మాటే అంటారని. ఆమె తన లోపలి సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. మేమే వినలేదు.

ఈ నొప్పిని మొదట శ్రద్ధగా రాసిపెట్టింది సైలస్ వీర్ మిచెల్ అనే అమెరికన్ డాక్టరు. 1860ల అంతర్యుద్ధంలో ఫిలడెల్ఫియాలో గాయపడిన సైనికులకి వైద్యం చేశాడు. తూటా గాయం మానిపోయినా చెయ్యి మండిపోతోందని వాళ్లు గోలపెట్టేవారు. తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవారు, నడిస్తే పుట్టే అదురుకి ఓర్చుకోలేక బూట్లలో నీళ్లు పోసుకునేవారు. మిచెల్ వాళ్లను నమ్మాడు. ఆ మంటకి కాసాల్జియా అని పేరుపెట్టాడు. మండే నొప్పి అని అర్థం వచ్చే గ్రీకు మాటలవి.

అదే మిచెల్ తర్వాత నీరసంతో, దిగులుతో వచ్చిన ఆడవాళ్లకి విశ్రాంతి చికిత్స కనిపెట్టాడు. వారాల తరబడి మంచం దిగకూడదు, ఎవరినీ కలవకూడదు, చదవకూడదు, బాగా తినాలి. 1887లో ఆయన దగ్గర ఆ చికిత్స చేయించుకున్న రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్, తనను జీవితంలో ఇంక కలం పట్టవద్దన్నారని తర్వాత రాసుకుంది. 1892లో ఆమె అచ్చువేసిన 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ ఆ అనుభవంలోంచి పుట్టిందే. సైనికుడి నొప్పిని నమ్మి పేరుపెట్టిన మనిషికి ఆడదాని మాట దగ్గరకొచ్చేసరికి నమ్మకం ఎక్కడికి పోయిందా అని చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఆ చూపు మిచెల్‌తో పోలేదు. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్లు దశాబ్దాలపాటు మగ ఎలుకలనే వాడారు. 'పెయిన్' అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో పదేళ్లపాటు వచ్చిన జంతు ప్రయోగాలను కెనడాలోని శాస్త్రవేత్త జెఫ్రీ మోగిల్ 2005లో లెక్కవేస్తే, నూటికి 79 మగ జంతువుల మీద మాత్రమే చేసినవని తేలింది. ఆడ జంతువుల్లో హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు కలగాపులగమవుతాయని సాకు. 2015లో ఆయన బృందమే ఇంకో సంగతి చూపించింది: మగ ఎలుకల్లో దీర్ఘకాలిక నొప్పిని నడిపించే వెన్నుపాము కణాలు వేరు, ఆడ ఎలుకల్లో ఆ పని చేసే రోగనిరోధక కణాలు వేరు. అంటే నొప్పిని ఎక్కువగా భరించే ఆడవాళ్ల సంగతి మగ ఎలుకల్ని చూసి అంచనా వేస్తూ వచ్చారన్నమాట.

సీఆర్‌పీఎస్‌ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. 2003లో బుడాపెస్ట్‌లో నిపుణులు కూర్చుని రూపొందించిన లక్షణాల పట్టికే నేటికీ ఆధారం. స్పర్శ, రంగు-వేడి, చెమట-వాపు, కదలిక-చర్మం మార్పు అనే నాలుగు తరగతుల్లో, రోగి చెప్పినవి మూడింట్లోనైనా ఉండాలి, డాక్టరు కళ్లతో చూసినవి రెండింట్లోనైనా ఉండాలి. వేరే జబ్బు దానికి కారణం కాకూడదు. చిక్కంతా ఇక్కడే. రంగు, వాపు వచ్చిపోతుంటాయి. ఆసుపత్రి వరండాలో మూడు గంటలు కూర్చుని లోపలికి వెళ్లేసరికి చెయ్యి మామూలుగా ఉంటుంది.

దానికి మా చెల్లెలు ఒక ఉపాయం కనిపెట్టింది. పిన్ని రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, పొద్దుట వెలుతురులో రోజుకో ఫొటో తీసింది, తేదీతో సహా. చెయ్యి రంగు మారినప్పుడల్లా మరొకటి. చివరికి నొప్పి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి "ముట్టుకోవచ్చా అమ్మా?" అన్నాడు. ఏడు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. పిన్ని అక్కడే ఏడ్చేసింది.

చికిత్సలో అసలైనది కదలిక. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. ముట్టుకుంటేనే మండే చేతిని కదపడమా? నిజానికి ఎంత దాచుకుంటే చెయ్యి అంత బిగుసుకుపోతుంది, మెదడు దాన్ని అంత మరిచిపోతుంది. బలవంతంగా లాగి వంచకూడదు, మంచు పెట్టకూడదు, మళ్లీ కట్టు కట్టి ఊరికే ఉంచకూడదు. పిన్ని దూదితో మొదలుపెట్టింది. చేతి మీద అర నిమిషం, రోజుకి ఐదారుసార్లు. తర్వాత పట్టుచీర చెంగు, నూలుగుడ్డ, ఆఖరికి గరుకు తువ్వాలు. తువ్వాలు దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇంకోటి అద్దం. రెండు చేతుల మధ్యా అద్దం నిలబెట్టి, నొప్పి చేతిని దాని వెనక దాచి, మంచి చేతిని కదుపుతూ అద్దంలోకి చూడాలి. దాచిన చెయ్యే నొప్పి లేకుండా కదులుతున్నట్టు మెదడుకి కనిపిస్తుంది. చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన వి. ఎస్. రామచంద్రన్, తెగిపోయిన చెయ్యి ఇంకా నొప్పెడుతోందనే రోగుల కోసం 1990లలో ఈ పద్ధతి కనిపెట్టారు. దాన్నే 2003లో బ్రిటన్‌లో సీఆర్‌పీఎస్‌కి వాడి చూశారు. కొందరికి బాగా పనిచేస్తుంది, పాతబడిన జబ్బుకి ఒక్క అద్దమే చాలదు. బొమ్మలు చూసి ఇది కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని చెప్పే సాధన ముందు చేయిస్తారు. విచిత్రంగా, నొప్పి ఉన్న వైపు బొమ్మను గుర్తుపట్టడానికి వీళ్లకి ఎక్కువసేపు పడుతుంది. మందులూ ఉన్నాయి: నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి, మొదట్లోనే అయితే కొద్దికాలం స్టెరాయిడ్లు, మెడ దగ్గర నరాల గుంపుకి ఇంజెక్షన్లు. మందులు నొప్పిని కాస్త దించుతాయి, ఆ సందులో వ్యాయామం చెయ్యాలి.

ఆడపిల్లల విషయంలో కబురు కొంత మెరుగు. చాలామంది క్రమం తప్పని వ్యాయామంతోనూ మాటల సాయంతోనూ కోలుకుంటారు, కొందరికి మళ్లీ తిరగబెట్టినా సరే. మాటల సాయం అంటే నొప్పి మనసులో పుట్టిందని కాదు, నొప్పితో ఉంటూనే నడవడానికి కావలసిన ధైర్యం కోసం. బడి మాన్పించడం మాత్రం తప్పు. కింది అంతస్తులో తరగతి, కాలు చాచుకునేందుకు చివరి బెంచీ, మెత్తటి చెప్పులకు అనుమతి, నడవా రద్దీ తగ్గాక కదలడానికి ఐదు నిమిషాలు: ఇవి ఏ బడైనా ఇవ్వగలిగినవే. ప్రభుత్వం దగ్గరకొస్తే ఇంకా వెలితి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సీఆర్‌పీఎస్ పేరు విడిగా లేదు. కుట్టు మిషను పెడల్ తొక్కలేని, నాట్లలో వంగలేని మనిషి ఏ గడిలో తన పేరు రాయించుకోవాలి?

పిన్ని చెయ్యి పూర్తిగా నయం కాలేదు. చలికాలం పొద్దుటిపూట ఇప్పటికీ నీలంగా మారుతుంది. పూరీల పిండి కుడిచేత్తోనే కలుపుతుంది, పళ్లెం జారిపోకుండా ఎడమచేత్తో ఆపి పట్టుకుంటుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ చేతికి ఒక్క మట్టిగాజు ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని తీసి కిటికీ గూట్లో పెట్టింది. బాబాయి లేచి, అడక్కుండానే ఫ్యాను వేగం ఒక గీత తగ్గించాడు.