మిగిలిన సొమ్ముతో పుస్తకాలు: సరాయెవోలో మూడు రోజులు

ఐరోపాలో ఇస్లామ్ అనగానే మనవారి మనసులు అందలూసు వైపు పరుగెడతాయి. కుర్తుబా, గర్నాతాల వైభవాన్ని తలచి నిట్టూర్చడం మనకు అలవాటు. అయితే అదే ఐరోపాలో అయిదు శతాబ్దాలకు పైగా అజాన్ వినిపిస్తూ ఉన్న నగరం ఒకటుంది. అది బోస్నియా రాజధాని సరాయెవో. అక్కడ మస్జిదులు పర్యాటకులు చూసి వెళ్లే శిథిలాలు కావు. బడి వదిలిన పిల్లలు వుజూ చేసుకుని వచ్చే నమాజు స్థలాలు. గత సంవత్సరం మా దంపతులకు అల్లాహ్ ఆ నగరాన్ని చూసే భాగ్యం కలిగించాడు. మా ఇద్దరికీ ఐరోపా గడ్డపై అడుగుపెట్టడం అదే మొదలు.

నాలుగు పక్కలా కొండలు, నడుమ సన్నని మిల్యాత్స్కా నది, దాని వెంట పొడవుగా సాగిన ఊరు. పాత బజారును బాష్‌చార్షియా అంటారు. రాళ్లు పరిచిన ఇరుకు సందులలో రాగి కూజాలకు నగిషీ చెక్కే సుత్తుల చప్పుడు, రొట్టెలో మాంసపు ముక్కలు పెట్టి ఇచ్చే అంగళ్లు, చిన్న రాగి పాత్రలలో కాచే చిక్కని కాఫీ. ఆ కాఫీ చేదును నా శ్రీమతి ఒక్క గుక్కకు మించి సహించలేకపోయింది. పక్కన పెట్టిన మిఠాయి ముక్కను మాత్రం వదలలేదు. హలాల్ కోసం వెదుక్కోవలసిన అవసరం ఆ బజారులో కలగలేదు.

బజారు నడిబొడ్డున గాజీ ఖుస్రో బేగ్ మస్జిద్ ఉంది. ఈ ఖుస్రో బేగ్ ఉస్మానియా సుల్తాన్ రెండవ బాయజీద్‌కు కూతురి కొడుకు. 1521లో బోస్నియాకు పాలకుడిగా వచ్చాడు. మస్జిద్ నిర్మాణం 1531 నాటిది. పక్కనే ఉన్న గడియార స్తంభం నన్ను చాలాసేపు నిలబెట్టింది. దానిలో పన్నెండు గంటలు కొట్టేది అర్ధరాత్రి కాదు, సూర్యాస్తమయ వేళ. మగ్రిబ్‌తోనే కొత్త రోజు మొదలవుతుందన్న మన లెక్కను ఆ ముళ్లు నేటికీ చూపుతున్నాయి. సూర్యుడు అస్తమించే వేళ నిత్యం మారుతుంది గనుక ఒక మనిషి దానిని సరిచేస్తూ ఉండాలి.

ఆ మస్జిదులో స్త్రీలకు ప్రత్యేక స్థలం ఉంది. ఉమ్రా ప్రయాణం తర్వాత నా సహధర్మచారిణి జమాఅత్‌తో నమాజు ఆచరించింది అక్కడే. ఈ విషయమై మన ఉలమాల భిన్నాభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. బోస్నియా ముస్లిములూ మనలాగే హనఫీ ఫిఖహ్‌ను అనుసరించేవారన్నది మాత్రం గమనించదగినది.

మస్జిదుకు ఎదురుగా, వీధికి ఆవలి పక్క, మదర్సా ఉంది. వృత్తిరీత్యా నా అడుగులు అటే లాగాయి. ఖుస్రో బేగ్ దానిని 1537లో స్థాపించి తన తల్లి సెల్జుకా పేరు మీద సెల్జుకియా అన్నాడు. సీసపు రేకులు కప్పిన గుమ్మటాలను బట్టి జనం దానికి వేరొక పేరు పెట్టుకున్నారు. దాని వక్ఫ్ నామాలో ఒక నిబంధన ఉంది. కట్టడం ఖర్చులు పోగా మిగిలిన సొమ్ముతో మంచి గ్రంథాలు కొనాలి, అవి మదర్సాలో చదువుకునేవారికీ ప్రతులు రాసుకునేవారికీ ఉపయోగపడాలి. నేటికీ నడుస్తున్న గాజీ ఖుస్రో బేగ్ గ్రంథాలయానికి ఈ నిబంధనే పునాది. ఆ వక్ఫ్‌కు చెందిన దుకాణాలూ, రాతి కప్పు వేసిన బజారూ ఈనాటికీ కళ్ల ముందున్నాయి.

ఇది విన్న నా శ్రీమతి, "తల్లి పేరు పెట్టారా!" అని ఆగిపోయింది. మన ఊళ్లలో మస్జిదులకూ మదర్సాలకూ తల్లుల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

గ్రంథాలయంలోని అతి ప్రాచీన రాతప్రతి ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూముద్దీన్'లోని భాగం. 1106లో రాసినది. ఇమామ్ గారు కన్నుమూసింది 1111లో. అంటే ఆయన జీవించి ఉండగానే ఎవరో కూర్చుని రాసుకున్న ప్రతి. ముప్పై ఏళ్లుగా ఆ గ్రంథం నుంచి పాఠాలు చెబుతున్న నాకు ఈ సంగతి కలిగించిన పులకింత మాటలకు అందనిది.

ఆ ప్రతి నేడు మిగిలి ఉండడం చిన్న విషయం కాదు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1425 రోజులు, సెర్బు సేనలు ఈ నగరాన్ని ముట్టడించాయి. కొండల మీది నుంచి ఫిరంగి గుండ్లు, ఎత్తైన భవనాల నుంచి పొంచి కాల్చే తుపాకులు. 1992 మేలో ప్రాచ్య విద్యా సంస్థ దగ్ధమై, అయిదు వేలకు పైగా అరబీ, తుర్కీ, ఫార్సీ, బోస్నియా రాతప్రతులు బూడిదయ్యాయి. ఆగస్టులో జాతీయ గ్రంథాలయం తగలబడింది. ఆ స్థితిలో ఖుస్రో బేగ్ గ్రంథాలయపు సిబ్బంది రాతప్రతులను అరటిపండ్ల అట్టపెట్టెలలో సర్ది, ఒక చోటి నుంచి మరో చోటికి ఎనిమిది మార్లు తరలించారు. మోసినవారిలో గ్రంథాలయాధిపతితో పాటు, కాంగో దేశం నుంచి వచ్చిన రాత్రి కాపలాదారు, నేల తుడిచే స్త్రీ కూడా ఉన్నారు. తుపాకులు గురిపెట్టిన వీధులను వారు ఆ పెట్టెలతో దాటారు. గ్రంథాలయానికి కొత్త భవనం 2014లో సిద్ధమైంది.

మూడవ రోజు ఉదయం కోవాచీ శ్మశానానికి ఎక్కాం. కొండవాలు నిండా తెల్లని సమాధి రాళ్లు. మరణించిన సంవత్సరం మీద చూపు నిలిపితే చాలు, 1992, 1993, 1994 అవే తిరిగి తిరిగి కనిపిస్తాయి. ఫాతిహా చదివి దిగుతూ ఉండగా ఆమె అడిగింది: "ఏమండీ, మా నాన్నగారి వాటాలో నాకు వచ్చిన దుకాణం గది ఉంది కదా. దాని అద్దెను పుస్తకాలకు వక్ఫ్ చేస్తే?"

ఆ అద్దె సొమ్మును మేము చిన్నమ్మాయి వివాహం కోసం దాస్తున్నాం. ఉపాధ్యాయుడి జీతంతో నడిచే ఇంటికి అది చిన్న ఆసరా కాదు. అదే మాట చెప్పాను. ఆస్తి ఆమెది, నా అనుమతితో పనిలేదన్నదీ చెప్పాను. హజ్రత్ సఅద్ (రజి) తన సంపదనంతా దానంగా వసీయత్ చేయబోతే, వారసులను లేమిలో విడిచిపెట్టడం తగదని దైవప్రవక్త (స) మూడవ వంతుకు పరిమితం చేసిన సంఘటననూ గుర్తు చేశాను. ఆమె మౌనంగా విన్నది. విమానాశ్రయం చేరేదాకా మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

ఇంటికి వచ్చాక నాకంటే ముందు కూతురినే అడిగిందని తర్వాత తెలిసింది. అమ్మాయి ఒప్పుకుంది, కాని ఒక షరతు పెట్టింది. బాలికల మక్తబుకు కొనే పుస్తకాలలో సగమైనా తెలుగువి ఉండాలట, ఉర్దూ లిపి రాని పిల్లలు ఊరికే అట్టలు చూసి పోకూడదట. వివాహానికి అయిదు వందల మందిని పిలవాలన్న మా పెద్దవాడి ఆలోచనను తల్లీకూతుళ్లు అప్పుడే రెండు వందలకు కుదించారు.

రాతపని నాకు అప్పగించారు. మక్తబ్ పుస్తకాల గదికి మా అత్తగారి పేరు. ముతవల్లీ స్థానంలో నా పేరు రాయబోతుండగా శ్రీమతి ఆపి, వక్ఫ్ చేసినవారే ముతవల్లీగా ఉండవచ్చునా అని ప్రశ్నించింది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అభిప్రాయం ప్రకారం ఉండవచ్చునన్నాను. "అయితే నా పేరే రాయండి" అన్నది.