సంచిలో రెండు రాళ్లు
డిగ్రీ ముగించి అమ్మకాల ఉద్యోగంలో చేరే యౌవనస్థులకు, వారి తల్లిదండ్రులకు

డిగ్రీ ఫలితాలు వచ్చే నెలల్లో ప్రార్థన కొరకు మా యొద్దకు వచ్చే తల్లిదండ్రులు ఎక్కువవుతారు. విశాఖపట్నంలో ఒక తరమంతా స్టీలు ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో బిడ్డకు ఉద్యోగం దొరకాలని మోకరించింది. పల్లెల్లో టీచరు పోస్టు కొరకు, బ్యాంకు ఉద్యోగం కొరకు ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనలో తప్పేమీ లేదు. అయితే బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివిన మన పిల్లల్లో అనేకులకు మొదట తెరుచుకొనే తలుపు వేరుగా ఉంటుంది. మందుల కంపెనీ, బీమా, బ్యాంకు అప్పులు, సెల్‌ఫోన్ల దుకాణం, రొయ్యల మేత, మోటారు సైకిళ్ల షోరూము, ఏదైనా సరే, చేతికిచ్చేది ఒక సంచి, చెవిలో చెప్పేది ఒక టార్గెట్.

"డిగ్రీ చదివించింది గుమ్మం గుమ్మం తిరగడానికా?" అని తండ్రి నొచ్చుకొంటాడు. "మావాడు కంపెనీలో చేస్తున్నాడు" అని బంధువులతో చెప్పిన తల్లి, ఏ పని అని అడిగితే మాట మారుస్తుంది. పిల్లవాడు పండుగకు ఇంటికి రావడానికే జంకుతాడు. ప్రియమైన పాఠకులారా, ఈ పనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదని మేము నమ్ముతున్నాము. భయపడవలసినది మాత్రం ఒకటి ఉన్నది. ఈ నెల ఆ రెండింటిని గూర్చి వ్రాస్తున్నాము.

తెల్లవారకముందే తెరిచే బడి

అమ్మకమంటే ఏమిటో నేర్చుకోగోరేవారు ఒక్కసారి చీకటితో లేచి విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళ్లి నిలబడాలి. మరపడవలు జెట్టీకి చేరుతాయి. వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు, పీతలు, రొయ్యలు కుప్పలుగా పడతాయి. వేలం పాట మొదలవుతుంది. కొనడానికి వచ్చిన గంపల స్త్రీలు చేప మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉన్నదా? కన్ను తేటగా ఉన్నదా, లోపలికి పీక్కుపోయిందా? వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తున్నదా? ఈ మూడు పరీక్షలకు వారికి అర నిమిషం చాలు. ఏ కాలేజీ ఇవ్వని పట్టా అది.

చేప విలువ గంటగంటకు తరిగిపోతుంది. మనవంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు వేయాలని మత్స్య శాస్త్రజ్ఞులు చెబుతారు. ఐసు దగ్గర నాలుగు రూపాయలు మిగిల్చుకొందామనుకొంటే సరుకే చెడిపోతుంది. అందుచేత ఆ తల్లి గబగబా వీధుల్లోకి వెళ్తుంది. ఏ ఇంట ఏ చేప తింటారో, ఏ ఇంట జీతం ఎన్నవ తారీఖున వస్తుందో, ఎవరికి అరువు పెట్టవచ్చునో ఆమె పుస్తకం లేకుండానే చెప్పగలదు. నిన్నటి చేప మిగిలితే ఏమి చేస్తుంది? "ఇది నిన్నటిదమ్మా, పులుసుకైతే బాగుంటాది" అని చెప్పి ధర తగ్గించి ఇచ్చే ఆమె ఉన్నది. తాజా చేపల అడుగున దాచి అంటగట్టే ఆమె కూడా ఉన్నది. రెండవ ఆమె ఆ గుమ్మంలో ఒక్కసారే అమ్ముతుంది.

కంపెనీలు శిక్షణ తరగతుల్లో నేర్పేది కూడా ఇంతకంటే ఎక్కువేమీ కాదు. నీ సరుకును ఎరిగి ఉండు. కొనేవారిని ఎరిగి ఉండు. మరల అదే గుమ్మానికి తలెత్తుకొని వెళ్లగలిగేలా అమ్ము. తల్లి గంప మోసి చదివించిన బిడ్డ తన సంచిని చూచి సిగ్గుపడితే, తనను పోషించిన పనిని చూచి సిగ్గుపడినట్టే.

ఈ పాఠం వీధికే కాదు, దేశాల మధ్య వ్యాపారానికి కూడా వర్తిస్తుంది. మన కోస్తా చెరువుల్లో పెరిగిన రొయ్య కంటెయినర్లలో విదేశాలకు పోతుంది. నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు కొన్ని సరుకుల్లో దొరికిన కారణంగా, యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు పెంపకపు రొయ్యల తనిఖీని 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. మందు వాడినవారు కొందరు. తనిఖీల భారం, ఆలస్యం మాత్రం నిజాయితీగా సాగు చేసినవారి మీద కూడా పడింది. ఒకడు పోగొట్టిన నమ్మకానికి పొరుగువాడు కూడా వెల చెల్లిస్తాడు.

లేఖనములలో అమ్మకము

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియ అనే స్త్రీని చూస్తాము. తుయతైర నుండి వచ్చి ఫిలిప్పీ పట్టణంలో ఊదారంగు సరుకు అమ్ముకొనే వ్యాపారస్థురాలు. ప్రభువు ఆమె హృదయాన్ని తెరిచాడు. ఆమె, ఆమె ఇంటివారు బాప్తిస్మము పొందారు. పౌలుకు ఆమె ఇల్లే బస అయింది. వ్యాపారం మానుకొమ్మని ఆమెకు ఎవరూ చెప్పినట్లు అక్కడ లేదు. పౌలు సహితం కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టే పని చేశాడు. కుట్టిన డేరాను ఎవరో ఒకరికి అమ్మాలి గదా! షోరూముల్లోను ఫోను దగ్గరను పనిచేస్తున్న మన ఆడబిడ్డలు లూదియను తలంచుకొని ధైర్యం తెచ్చుకోవాలి.

అదే బైబిలు అమ్మేవానికి ఒక హద్దు కూడా గీసింది. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో, సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దనే ఆజ్ఞ ఉన్నది. బరువైన రాయితో కొనడం, తేలిక రాయితో అమ్మడం ఆ కాలపు మోసం. గమనించండి, రెండవ రాయితో తూయవద్దని మాత్రమే దేవుడు చెప్పలేదు. దానిని సంచిలో కూడా ఉంచుకోవద్దన్నాడు. దగ్గర ఉంటే ఏదో ఒకనాడు, టార్గెట్ అందని నెలాఖరున, చేయి దాని మీదికే పోతుంది.

నేటి సంచిలో రాళ్లు లేవు. రంగురంగుల కాగితాలు, సెల్‌ఫోను ఉన్నాయి. అయినా రెండవ రాయి ఉండనే ఉన్నది. కాగితం మీద ఒక మాట, నోటితో ఒక మాట, అదే ఆ రెండవ రాయి.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

హార్బరు దరిని నివసించే ఒక కుటుంబాన్ని మేము ఎరుగుదుము. పేరు వ్రాయము. తల్లి చేపల గంప మోసి కుమారుని బి.కాం. చదివించింది. ఒక సంస్థ అతన్ని బీమా పాలసీలు అమ్మే పనిలో పెట్టుకొన్నది. మొదటి రోజునే, తెలిసినవారు, బంధువులు వంద మంది పేర్లు వ్రాయమన్నారు. ఆ వందలో సగం సంఘస్థులే. తల్లి చేపలు వేసే వీధిలోని ఒక విధవరాలు, ఆ అబ్బాయి ముఖం చూచి, దాచుకొన్న 50,000 రూపాయలు ఇచ్చింది. ఒక్కసారి కడితే చాలునని ఆమె అనుకొన్నది. అది పదేళ్లు ఏటేటా కట్టవలసిన పాలసీ. ఆ సంగతి ఎత్తవద్దని అతనికి పైవాడు చెప్పాడు.

సంగతి వీధిలో తల్లి చెవిన పడింది. ఆ రాత్రి అడిగింది: "ఆయమ్మకి ఏటి సెప్పి సంతకం ఎట్టించినావురా?"

"కంపెనీలో అలాగే చెప్పమన్నారమ్మా."

"కంపెనీవోలు రేపు ఇంకో ఊరు ఎలిపోతారు. నాను రోజూ ఆ గుమ్మంలోకే ఎల్లాల."

మరునాడు అతడు ఆమె ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. బీమా పాలసీ పత్రం చేతికి అందిన తరువాత 30 రోజులలోగా వద్దనుకొంటే తిప్పి ఇవ్వవచ్చునన్న నియమం ఉన్నది. ఖర్చుల క్రింద కొద్ది మొత్తం పోగా ఆమె డబ్బు ఆమెకు వచ్చింది. అతని టార్గెట్ తప్పింది, కమీషను పోయింది, మాటలు పడ్డాడు. వేరొక పని దొరికేవరకు ఓపిక పట్టి, తరువాత దానిని విడిచిపెట్టాడు. ఇప్పుడు పడవ ఇంజన్ల సామాను అమ్ముతున్నాడు. గొప్ప సంపాదన అని చెప్పలేము. కాని తల్లీ కొడుకులిద్దరూ ఆ వీధిలో నడువగలుగుతున్నారు.

ఊళ్లకు ఊళ్లు నష్టపోయిన సంగతి

ఆ తల్లి అడిగిన ప్రశ్న అడిగేవారు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం చూచింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ, స్థలాలు ఇస్తామని, లేదా వడ్డీతో డబ్బు తిరిగి ఇస్తామని చెప్పి, సుమారు 32 లక్షల మంది నుండి 6,380 కోట్ల రూపాయలు సేకరించిందని దర్యాప్తులో తేలింది. 2016లో దాని యజమానులు అరెస్టయ్యారు. అంత డబ్బును ఊరూరా సేకరించినది ఎవరు? కమీషను ఏజెంట్లు. వారిలో చాలామంది ఆ ఊరివారే, చదువుకొన్నవారే, ఎదుటివారికి నమ్మకమైనవారే. అనేకులు తమ సొంత డబ్బు కూడా అందులోనే పెట్టారు. సంస్థ కూలినప్పుడు జనం విజయవాడకు పోలేదు, ముందుగా ఏజెంటు తలుపు తట్టారు. వారందరూ మోసగాళ్లని మేము అనము. తాము అమ్ముతున్నదేమిటో మొప్ప ఎత్తి చూడకుండానే అమ్మారు. వారు ఖర్చు పెట్టినది తాతల నాటి నుండి ఊరు తమ కుటుంబం మీద ఉంచిన నమ్మకం.

చేరకముందు, చేరిన తరువాత

కనుక యౌవనస్థులారా, కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొనండి.

మొదటిది, నియామక పత్రం అడగండి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక చట్టాలు దానిని తప్పనిసరి చేశాయి. జీతమెంత, కమీషనెంత, పెట్రోలు ఖర్చు ఎవరిది అనేది కాగితం మీద చూచుకొనండి.

రెండవది, ఉద్యోగం కొరకు మీరే డబ్బు కట్టాలంటే లేచి వచ్చేయండి. మనుష్యులను చేర్చితే డబ్బు వచ్చే గొలుసు పథకాలను 1978 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. నేరుగా వస్తువులు అమ్మించే సంస్థలు చేరిక రుసుము తీసుకోరాదని 2021 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

మూడవది, సరుకు కాగితాన్ని ఆఖరి పంక్తి వరకు చదవండి. మీ అమ్మకు అమ్మగలరా? అమ్మలేకపోతే పొరుగు అమ్మకు కూడా అమ్మవద్దు.

నాల్గవది, ఒక నోటు పుస్తకం పెట్టుకొనండి. ఎవరిని కలిశారు, ఏమి చెప్పారు, ఏ రోజు వస్తామన్నారు అని ఆ సాయంత్రమే వ్రాయండి. వస్తామన్న రోజున వెళ్లండి. మొదటి నెలల్లో "వద్దు" అనే మాటే ఎక్కువగా వింటారు. ఆ మాట సరుకుకే, మీకు కాదు.

అయిదవది, కమీషను సొమ్మును జాలరి కుటుంబంవలె వాడండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ప్రభుత్వం 2025లో ఆ కాలపు భృతిని 20,000 రూపాయలకు పెంచింది. అయినా వేట బాగా సాగిన నెలల్లో దాచుకోని ఇల్లు ఆ రెండు నెలలూ అప్పుల పాలవుతుంది. మీకు కూడా వేట లేని నెలలు వస్తాయి.

అబద్ధం చెప్పమని ఒత్తిడి వస్తే, వినయంగా, "ఆ మాట కాగితం మీద వ్రాసి ఇవ్వండి, చెబుతాను" అని అడగండి. వ్రాసి ఇవ్వడానికి వారు ఇష్టపడకపోతే మీకు జవాబు దొరికినట్టే. తొందరపడి రోడ్డున పడకుండా వేరొక పని వెదకుకొంటూ బయటకు రండి.

తల్లిదండ్రులకు, సంఘమునకు

తల్లిదండ్రులారా, బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు "ఎంత అమ్మావు?" అని అడుగుతాము. "ఏమి చెప్పి అమ్మావు?" అని కూడా అడుగుదాము. జాలిపడి అక్కరలేనిది కొని వానిని సంతోషపెట్టవద్దు. పక్కింటి వాని ప్రభుత్వ ఉద్యోగంతో పోల్చి కించపరచవద్దు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. ఆరాధన ముగిసిన తరువాత అయిదు నిమిషాలు ఇవ్వండి, సభ్యుల ఫోను నంబర్లు ఇవ్వండి అని అడిగేవారు వస్తున్నారు. మమ్ములను కూడా అడిగారు. మేము ఒప్పుకోలేదు. కాపరి ప్రక్కన నిలబడి చెప్పిన మాటను మనవారు పరీక్షించరు, నమ్మేస్తారు. ఆ నమ్మకం ప్రభువుది, అమ్మడానికి మనది కాదు. దానికి బదులు ఉద్యోగంలో చేరిన ప్రతి బిడ్డ కొరకు పేరు పేరున ప్రార్థిద్దాము. టార్గెట్ అందని నెలలో వాడు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతాడు. ఆ నెలలో వాని ఇంటికి వెళ్లి కూర్చుందాము.

గుమ్మం గుమ్మం తిరిగే మన బిడ్డల పాదములకు ప్రభువు బలమిచ్చును గాక. వారి సంచిలో ఒక్క రాయే ఉండునట్లు, అది సరియైన రాయిగా ఉండునట్లు ఆయన కాపాడును గాక. ఆమేన్.