మనాదికి మాట మందు

జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళతాం. పన్ను నొప్పెడితే పళ్ల డాక్టరును వెతుక్కుంటాం. మరి మనసు బాగా లేకపోతే? 'మనోవ్యాధికి మందు లేదు' అని సామెత చెప్పి ఊరుకుంటాం. నిజానికి మందులూ ఉన్నాయి, మాటలతో చేసే వైద్యమూ ఉంది. ఆ మాటల వైద్యం ఫలించాలంటే చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఎలాంటి బంధం కుదరాలో పరిశోధకులు దశాబ్దాలుగా లెక్కగట్టి చూస్తున్నారు. ఆ లెక్కలు మన శంకరంపేట లాంటి ఊళ్లకు ఏం చెబుతున్నాయి?

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ మండల కేంద్రాలే. ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికల్లా పది ఇళ్లకు తెలిసిపోయే ఊళ్లే.

అలాంటిచోట ఒక కోడలు ఉందనుకుందాం. కాన్పయి మూడు నెలలైంది. నిద్ర పట్టదు. బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. ఊరికే కన్నీళ్లొస్తాయి. అత్త 'ఏదో రంది పెట్టుకుంది' అంటుంది. తల్లి 'మనాది పట్టుకుంది' అని బాధపడుతుంది. పక్కింటామె 'గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించండి' అని సలహా ఇస్తుంది.

రంది, మనాది... మనసు బాధకు తెలంగాణ పల్లెల్లో ఎంత చక్కటి పేర్లున్నాయో చూడండి! పేర్లు ఉన్నాయిగానీ, ఆ బాధను ఎవరి దగ్గర దించుకోవాలో తెలియదు. 'చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది' అన్న సామెత ఆ కోడలిలాంటివాళ్ల కోసమే పుట్టినట్లుంటుంది.

మొదటి నాలుగింటిలో మెదక్

మనసు వైద్యాన్ని పల్లెకు తెచ్చే ప్రయత్నంలో మెదక్‌ది మొదటి వరుసే. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. దాన్ని జిల్లా స్థాయిలో ఎలా అమలు చేయాలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలో ప్రయోగం చేసి చూశారు. ఆ అనుభవంతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశం మొత్తంమీద నాలుగంటే నాలుగు జిల్లాల్లో ప్రారంభించారు. అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి. నాలుగోది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్!

ప్రతి ఒక్కరూ హైదరాబాద్ ఎర్రగడ్డ దాకా పోనక్కర్లేకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి దగ్గర్లోనే మందులు అందించాలన్నది ఈ కార్యక్రమం ఉద్దేశం. అది పెద్ద మేలే. అయితే వరుసలో యాభై మంది నిలబడి ఉండగా మందుల చీటీ రాయడానికి రెండు నిమిషాలు చాలు. మనసు విప్పడానికి మాత్రం చాలవు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదు. అందినవాళ్లలోనూ ఒకసారి వచ్చి మళ్లీ కనిపించనివాళ్లు ఉంటారు. వారిని రెండోసారి ఆ గుమ్మం తొక్కించేది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

ఏ పద్ధతి గొప్పది?

మాటల వైద్యాన్ని సైకోథెరపీ అంటారు. ఇందులో పద్ధతులు బోలెడు. చిన్ననాటి సంగతులు తవ్వేది ఒకటి. ఆలోచనల్లోని చిక్కుముడులు విప్పేది ఇంకొకటి. ఆగిపోయిన రోజువారీ పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించేది మరొకటి. మా పద్ధతి గొప్పదంటే మాది గొప్పదని నిపుణులు వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ వాదనకు 1936లోనే అమెరికా మనస్తత్వ నిపుణుడు సాల్ రోజెన్‌జ్వైగ్ ఒక మెలిక పెట్టాడు. పద్ధతులు వేరైనా ఫలితాలు ఇంచుమించు ఒకలాగే ఉంటున్నాయంటే, అన్నింట్లోనూ ఉన్న ఉమ్మడి గుణాలే పనిచేస్తున్నాయేమో చూడమన్నాడు. 1957లో కార్ల్ రోజర్స్ ఆ గుణాలేమిటో చెప్పాడు. ఎదుటివారి బాధను వారి వైపు నుంచి అర్థం చేసుకోవడం, తప్పొప్పులు ఎంచకుండా ఆదరించడం, పైకి ఒకటి లోపల ఒకటి లేకుండా ఉండడం. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ ఈ బంధాన్ని మూడు పోగులుగా విడదీశాడు. ఎక్కడికి చేరాలన్నదానిపై ఇద్దరికీ ఒప్పందం, అందుకు ఏం చేయాలన్నదానిపై ఒప్పందం, ఒకరిమీద ఒకరికి నమ్మకం.

మన శంకరంపేట కోడలి సంగతే చూడండి. ఆమెకు కావలసింది రాత్రి కాస్త నిద్ర. కౌన్సెలర్ మాత్రం 'అత్తగారితో సర్దుకుపోవడం ఎలా?' అని పాఠం మొదలుపెడితే మొదటి పోగు అక్కడే తెగిపోయినట్లు!

2018లో క్రిస్టోఫ్ ఫ్లూకిగర్ బృందం 295 అధ్యయనాలను, అందులోని 30,000 మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి లెక్కించింది. బంధం ఎంత బాగా కుదిరితే ఫలితం అంత మెరుగ్గా ఉంటోందని తేలింది. రోగుల ఫలితాల్లో కనిపించే తేడాల్లో సుమారు 8 శాతాన్ని ఈ ఒక్క అంశంతో వివరించవచ్చు.

'ఇంతా చేసి ఎనిమిదేనా?' అనిపించవచ్చు. జబ్బు తీవ్రత, ఇంటి పరిస్థితి, చేతిలో డబ్బు, తోడు నిలిచే మనుషులు... ఫలితాన్ని మార్చేవి ఎన్నో ఉంటాయి. వాటి మధ్య కేవలం ఇద్దరు మనుషుల పొత్తుకు అంత వాటా దక్కడం చిన్న విషయం కాదు. 'బాగుపడ్డవాళ్లకే డాక్టరు మంచివాడనిపిస్తాడేమో' అన్న అనుమానమూ పరిశోధకులకు వచ్చింది. అప్పటికే కలిగిన మెరుగుదలను పక్కనపెట్టి లెక్కించినా, మొదట్లో కుదిరిన బంధానికీ తరువాతి ఫలితానికీ సంబంధం కనిపిస్తూనే ఉంది.

'సరే సార్' వెనక...

ఇవన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు. మన దగ్గర సంగతేమిటి? 1964లోనే ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరామ్ దీనిపై రాశారు. మన రోగి తన మనసు లోతుల విశ్లేషణ కంటే నేరుగా అందే ఆసరాను కోరుకుంటాడని, వైద్యుడిని ఉమ్మడి కుటుంబంలోని పెద్దదిక్కులా చూస్తాడని వారు గమనించారు. 1973లో డాక్టర్ జస్వంత్ సింగ్ నేకీ మరో అడుగు వేసి, మన గురుశిష్య సంబంధం ఈ వైద్యానికి నమూనా కాగలదా అని చర్చించారు.

పెద్దరికంలో బలం ఉంది. చెప్పిన మాట మీద గురి కుదురుతుంది. ఇబ్బందీ ఉంది. పెద్దలకు ఎదురు చెప్పం కదా! కౌన్సెలర్ మాట నచ్చకపోయినా 'సరే సార్' అని తలూపి, మళ్లీ అటువైపు వెళ్లం. మధ్యలో మనస్పర్థ వచ్చినప్పుడు దాన్ని బయటపెట్టి సరిచేసుకున్న జంటల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. 'మీరన్నది నాకు బాధ కలిగించింది మేడమ్' అనడం మర్యాద తప్పడం కాదు, అదీ చికిత్సలో భాగమే.

ఇక కుటుంబం. మన దగ్గర దవాఖానకు ఒక్కరే వెళ్లడం అరుదు. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వారినీ చికిత్సలో భాగస్వాములను చేశారు. అది మన పద్ధతికి తగిన మంచి మార్గం. అయితే అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలు ఏం మాట్లాడుతుంది? కుటుంబంతో కొంతసేపు, ఒంటరిగా కొంతసేపు... రెండూ ఉండాలి.

ఆశా అక్క పలకరిస్తే...

ఇంతమంది నిపుణులు పల్లెలకు ఎక్కడి నుంచి వస్తారు? దీనికి గోవాలో ఒక జవాబు దొరికింది. విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 విడతల మాటల వైద్యం చేయించింది. తీవ్రమైన కుంగుబాటుతో ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మందిపై ఈ అధ్యయనం జరిగింది. మూడు నెలల తరువాత మాటల వైద్యం అందినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. అది అందనివారిలో 39 శాతమే. ఆ కౌన్సెలర్లు తాము రోగులతో జరిపిన సంభాషణల రికార్డింగులను ఒకరివి ఒకరు విని, లోటుపాట్లు చెప్పుకునేవారు. అంటే వినడం కూడా నేర్చుకుంటే వచ్చే పనే!

ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో మరో ప్రయత్నం చేసింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మనసు బాధలు ఆరా తీశారు. అవసరమైనవారిని ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపి, తరువాత మళ్లీ మళ్లీ పలకరించారు. పశ్చిమగోదావరితో పాటు హర్యానాలోనూ జరిగిన పెద్ద అధ్యయనంలో కుంగుబాటు తగ్గినట్లు తేలింది.

అయితే ఊరి మనిషే వినేవారైతే శంకరంపేటలో మొదట వచ్చే భయం ఒకటే. 'ఈ మాట బయటకు పొక్కదు కదా?' ఈ భయం తీరకపోతే ఏ శిక్షణా పనికిరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఆ కోడలు గడప దాటాలంటే తాయెత్తు కట్టించమన్నవాళ్ల కంటే ముందు, ఈ హక్కు ఉందని చెప్పేవాళ్లు ఆమె ఇంటికి చేరాలి.

మీరు వెళ్లేముందు...

* చదువు, శిక్షణ అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి.
* మొదటిరోజే గోప్యత, ఫీజు, ఎన్నిసార్లు రావాలన్న విషయాలు తేల్చుకోండి.
* రెండు మూడుసార్లు కలిశాక ఆలోచించుకోండి. నా మాట వింటున్నారా? నాకు కావలసింది అర్థమైందా? ఇక్కడ నిజం చెప్పగలుగుతున్నానా? లేదనిపిస్తే ఆ మాటే వారితో అనండి. అప్పటికీ కుదరకపోతే వేరొకరిని చూసుకోండి. చికిత్స మాత్రం మానొద్దు.
* అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం, వ్యాపార లావాదేవీలు, ప్రేమ వ్యవహారాలు... వీటిలో ఏది మొదలైనా అది వైద్యం కాదు. వెంటనే బయటకు వచ్చేయండి.
* డాక్టరు రాసిన మందులను సొంతంగా ఆపొద్దు. కొన్ని జబ్బులకు మందూ మాటా రెండూ కావాలి.
* చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.