అన్నీ "పిచ్చి" కాదు

ఎవరైనా తేడాగా ఉంటే చాలు, "పిచ్చి", "గాలి సోకింది" అనేస్తాం. డాక్టర్లు మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టరు.

మన భద్రాచలం ఏజెన్సీకి చలిజ్వరం పాత శత్రువు. మలేరియా మెదడుకెక్కితే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. అది మనసు జబ్బు కాదు. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. వెంటనే రక్తపరీక్ష చేయించాలి. మూర్ఛ నరాల జబ్బు. చేతిలో తాళాలు పెడితే తగ్గదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మరి మనసు జబ్బులేవి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ జబ్బుల పట్టిక 2022లో అమలయింది. అందులో వీటిని గుంపులుగా విడదీశారు. ఎవరూ లేకున్నా మాటలు వినపడే స్కిజోఫ్రీనియా ఒక గుంపు. దిగులు జబ్బు డిప్రెషన్ ఇంకొకటి. అతిభయం మరొకటి. జాతరలో ఆచారంగా వచ్చే పూనకం జబ్బు లెక్కలోకి రాదు.

ఇంటిమీద బెంగతో రెండ్రోజులు ఏడిస్తే జబ్బు కాదు. రెండు వారాలపాటు దాదాపు రోజంతా దిగులుగా ఉండి, తిండి, నిద్ర, చదువు చెడితే వార్డెన్ సారుకి చెప్పాలి. టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

కాబట్టి మిత్రులారా, వెక్కిరించకండి. జబ్బేదో తెలిస్తేనే సరైన మందు దొరుకుతుంది.