సభలోని మాట, సభవారి లెక్క

పాకాల చిన్న ఊరు. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం వైపుల నుండి వచ్చే రైలు మార్గాలు ఇక్కడ కలుస్తాయి. ఇలాంటి ఊళ్ళలో ఇషా నమాజు తర్వాత మస్జిదు కమిటీ మాట్లాడుకున్న మాట తెల్లవారేసరికి టీకొట్టుకు చేరడం వింత కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వితంతువు కూతురి పెళ్ళికి సాయం కోరింది. కమిటీ ఆమె అప్పుల సంగతి చర్చించి కొంత సొమ్ము ఇచ్చింది. మూడవనాటికి ఆ అప్పుల మాట పెళ్ళికొడుకు వారి చెవిన పడింది. సాయం అందింది గాని పరువు పోయింది. అదే కమిటీని చందాదారుడొకరు లెక్క అడిగితే, "అది మా లోపలి విషయం" అన్నారు. దాచవలసినది బయటపడింది, చెప్పవలసినది దాగింది.

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని దివ్య ఖుర్ఆన్ (42:38) బోధిస్తున్నది. రహస్య మంతనాలలో చాలావాటిలో మేలు లేదని చెబుతూనే దానధర్మాలను, సత్కార్యాన్ని, ప్రజల మధ్య రాజీని ప్రోత్సహించే మంతనాలను మినహాయించింది (4:114). పేదలకు గుప్తంగా ఇవ్వడమే మరింత మేలని కూడా తెలిపింది (2:271). అంటే గోప్యత పేదవాని పరువుకు రక్ష. నిర్వాహకుని తప్పుకు ముసుగు కాదు.

దైవప్రవక్త (స) ఆచరణలో రెండూ కనిపిస్తాయి. ఉహుద్ యుద్ధానికి (క్రీ.శ. 625) ముందు ఊరిలో ఉండి పోరాడాలా, బయటికి వెళ్ళాలా అని సహచరులను బాహాటంగా సంప్రదించారు. మక్కా ప్రయాణాన్ని (క్రీ.శ. 630) మాత్రం గోప్యంగా ఉంచారు. ఒకడు అటూ ఇటూ చూసి చెప్పిన మాట వినేవాని వద్ద అమానతు అని తిర్మిజీ, అబూదావూద్ సంకలనాలలో ఉన్నది. "ఎవరికీ చెప్పకు" అని అతడు నోరు తెరిచి అడగనక్కరలేదు.

ఇక జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్‌బియ్యా ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అన్నాడు. తల్లిదండ్రుల ఇంట కూర్చుంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీశారు. తర్వాత మింబరుపై విషయమంతా ప్రజలకు చెప్పారు. అయితే ఆ ప్రసంగంలో మనిషి పేరెత్తలేదు. ప్రజాధనం సంగతి ప్రజలకు తెలిసింది. వ్యక్తిని రచ్చకీడ్చడం జరగలేదు.

దీనిని బట్టి మన కమిటీలకు ఒక క్రమం ఏర్పడుతుంది. వచ్చిన మొత్తం, ఖర్చయిన మొత్తం, సాయం పొందిన కుటుంబాల సంఖ్య, అర్హతా నియమాలు నోటీసు బోర్డుపై పెట్టాలి. పేర్లు వేరే పుస్తకంలో తాళం వేసి ఉంచాలి. తీర్మానం అందరిదీ, చర్చలో ఎవరేమన్నారన్నది సభలోనే ఉండాలి. దరఖాస్తుదారు తన బంధువైతే ఆ సభ్యుడు లేచి వెళ్ళాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి.

పేర్లు దాచితే సాయం బంధువులకే పోయిందేమో ఎలా తెలుస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కమిటీలో లేని ఇద్దరు నమ్మకస్తులు ఏటా ఆ పుస్తకం చూసి, సరిగా ఉన్నదో లేదో జమాఅత్‌కు చెప్పాలి, పేర్లు చెప్పరాదు. వక్ఫ్ ఆస్తులకైతే 1995 నాటి చట్టంలోని 46వ సెక్షను ప్రకారం ముతవల్లీ ఏటా వక్ఫ్ బోర్డుకు లెక్కలు సమర్పించాలి. వక్ఫ్ కాని చందాసొమ్ముకు కూడా ఇచ్చినవారికి జవాబు చెప్పవలసినదే.

ఏ సంగతి బయట పెట్టాలో సందేహం కలిగినప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: దీనిని దాచడం వల్ల కాపాడబడేది సాయం అడిగినవాని మర్యాదా, లేక సాయం పంచే మన పెత్తనమా?